ఐదో సింఫనీ ఎవరిది బాగుంటుంది? రికార్డింగులు పోల్చుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

వెస్టర్న్ క్లాసికల్ రికార్డులు పోగేసేవాళ్ళు ఇద్దరు కలిస్తే కుశలప్రశ్నలు రెండు నిమిషాల్లో ముగుస్తాయి. ఆ తర్వాత అడిగేది ఒకటే: "నీ దగ్గర ఎవరిది ఉంది?" ఎవరు రాసిందని కాదు, ఎవరు వాయించిందని. ఈ పిచ్చి కొత్తగా పట్టినవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకి ఇక్కడ ఒకేచోట జవాబులు రాస్తున్నాను. ఉదాహరణలు దాదాపు అన్నీ బీథోవెన్ ఐదో సింఫనీ నుంచే. పెద్ద ఆర్కెస్ట్రా కోసం నాలుగు భాగాలుగా రాసిన రచన అది. అభిప్రాయాలు నావి, వాటితో పోట్లాడొచ్చు.

ఒకే సింఫనీకి ఇన్ని రికార్డింగులు ఎందుకండీ? ఒకటి ఉంటే సరిపోదా?

సరిపోతుంది. హాయిగా బతకొచ్చు కూడా.

కానీ పౌరాణిక నాటకాలు చూసినవాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. కృష్ణుడి పద్యం ఒకటే, అక్షరాలు అవే. పీసపాటి వారు పాడితే ఒక కృష్ణుడు, షణ్ముఖి వారు పాడితే ఇంకో కృష్ణుడు. మా ఊళ్ళో దాని మీద రాత్రంతా వాదించుకున్న పెద్దవాళ్ళున్నారు. సింఫనీ కూడా అంతే. స్కోరులో, అంటే సంగీతం రాసిపెట్టిన పుస్తకంలో, స్వరాలుంటాయి, ఏ వాద్యం ఎప్పుడు పలకాలో ఉంటుంది, గట్టిగానా మెల్లగానా అన్నది పైపైన ఉంటుంది. మిగతాదంతా వాద్యకారులని నడిపించే కండక్టర్‌దీ, ఆర్కెస్ట్రాదీ, హాలుదీ, మైకులు పెట్టినవాడిదీ.

పోల్చడానికి ఐదో సింఫనీయే ఎందుకు?

మొదటి నాలుగు స్వరాలు తెలియనివాళ్ళు లేరు కాబట్టి. పైగా అరగంట, ముప్పై ఐదు నిమిషాల్లో అయిపోతుంది. మాలర్‌తో మొదలుపెడితే ఆదివారం మొత్తం మీద రెండు రికార్డింగులు వింటారు, ఇంట్లో వాళ్ళతో మాట పడతారు. ఇంకో కారణం, ఐదో సింఫనీకి రికార్డింగుల చరిత్ర మొదటినుంచీ ఉంది. ఆర్థర్ నికిష్ అనే కండక్టర్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో 1913లోనే మొత్తం సింఫనీని రికార్డు చేశాడు. అప్పటికి రికార్డింగుల్లో మైకు వాడకమే లేదు.

మొదట ఎవరిది కొనమంటారు?

కార్లోస్ క్లైబర్, వియన్నా ఫిల్హార్మోనిక్, డాయిష్ గ్రామోఫోన్ కంపెనీ. 1974లో రికార్డు చేసి 1975లో విడుదల చేశారు. ఎల్పీగా, అంటే పెద్ద నల్ల రికార్డుగా, వచ్చినప్పుడు రెండు వైపులా కలిపి ఈ ఒక్క సింఫనీయే ఉండేది. అంటే దాదాపు 33 నిమిషాల సంగీతం. ఇంత తక్కువ ఇచ్చారేంటని అప్పట్లో సణిగినవాళ్ళు ఉండే ఉంటారు. సీడీలో ఏడో సింఫనీ కూడా కలిపి ఇస్తున్నారు, కాబట్టి ఇప్పుడు ఆ బాధ లేదు.

ఇంకో ముచ్చట. కార్లోస్ నాన్న ఎరిక్ క్లైబర్ కూడా గొప్ప కండక్టరే. ఆయన ఇదే సింఫనీని ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌గెబావ్ ఆర్కెస్ట్రాతో డెక్కా కంపెనీకి 1953లో రికార్డు చేశాడు. నాన్నదీ కొడుకుదీ వెంటవెంటనే వినండి. కొడుకులో పోలిక కనిపిస్తుంది, నాన్నని దాటాలన్న పట్టుదల కూడా కనిపిస్తుంది. రెండోది నా ఊహే అనుకోండి.

అందరూ క్లైబర్‌దే గొప్ప అంటారు. ఇక పోల్చుకోడానికి ఏం మిగిలింది?

అందరూ అనరు. క్లైబర్‌ని మొదట విన్నవాళ్ళు అంటారు.

దీనికి నా కథే సాక్ష్యం. నేను ఐదో సింఫనీ మొదట విన్నది ఒక క్యాసెట్‌లో. ఎవరో ఎల్పీ నుంచి ఎక్కించిన కాపీ, మీద కండక్టర్ పేరు లేదు. మా టేప్ రికార్డర్ బెల్టు సాగిపోయి ఉండేది. రీలు నెమ్మదిగా తిరిగేది, దాంతో శ్రుతి కూడా దిగేది. ఆ సంగతి నాకు తెలీదు. నాలుగేళ్ళు అలాగే విన్నాను. ఆ బరువు, ఆ ఈడ్పు, అదే బీథోవెన్ అనుకున్నాను. తర్వాత ఒక స్నేహితుడి ఇంట్లో సీడీ మీద క్లైబర్‌ని వినిపిస్తే, "ఏంట్రా, రైలు అందుకోవాలన్నట్టు పరిగెడుతున్నాడు!" అన్నాను. వాడు నా వైపు జాలిగా చూశాడు. క్లైబర్ బాగున్నాడని ఒప్పుకోడానికి నాకు ఏడాది పట్టింది.

అందుకే ఎవరైనా "ఇదే ది బెస్ట్" అన్నప్పుడు నేను ముందుగా అడిగేది, "మీరు మొట్టమొదట విన్నది ఏది?" అని. పదిలో ఏడుసార్లు వాళ్ళు బెస్ట్ అన్నదే జవాబుగా వస్తుంది. కాకిపిల్ల కాకికి ముద్దు. తప్పేం లేదు, కాకపోతే అది కాకిపిల్లని తెలిసి ముద్దు చేయడం మంచిది.

నాకు స్కోరు చదవడం రాదు. ఏం గమనించాలో ఎలా తెలుస్తుంది?

స్కోరు అక్కర్లేదు. మొత్తం సింఫనీని మొత్తం సింఫనీతో పోల్చకండి, అదొక్కటే సూత్రం. చిన్న ముక్క పట్టుకోండి. మొదటి భాగంలోనే మూడు చోట్లు చెబుతాను.

ఒకటి, ఎత్తుగడ. "ట-ట-ట-టా" అని మొదలవుతుంది అనుకుంటాం. నిజానికి స్కోరులో మొదట ఉన్నది స్వరం కాదు, చిన్న విరామం. మన లెక్కలో చెప్పాలంటే అనాగత గ్రహం: తాళం ముందు, పాట తర్వాత. కండక్టర్ చేయి దిగుతుంది, ఒక లిప్త ఖాళీ, అప్పుడు తీగవాద్యాలూ క్లారినెట్లూ ఒక్కసారిగా అందుకోవాలి. అరవైమంది ఒకేసారి ఖాళీలోంచి దూకడం ఎంత కష్టమో ఊహించండి. కొన్ని రికార్డింగుల్లో ఆ మొదటి స్వరం అంచు కాస్త చెదిరి ఉంటుంది. కొన్నింట్లో మూడు "ట"లూ తిశ్రంలాగా దొర్లిపోతాయి, నాలుగో దానికి ముందున్న ఒత్తు చెడుతుంది. కొందరు ఆ నాలుగింటినీ నెమ్మదిగా, శాసనం చెక్కినట్టు వాయించి, అసలు వేగాన్ని ఆ తర్వాత అందుకుంటారు. మొదటి పది సెకన్లలోనే కండక్టర్ జాతకం సగం తెలిసిపోతుంది.

అక్కడే ఇంకో చిన్న పరీక్ష. ఆ పిలుపు రెండుసార్లు వస్తుంది కదా. రెండోసారి ఆఖరి స్వరాన్ని బీథోవెన్ ఒక బార్ (తాళంలో ఒక ఆవర్తనంలాంటిది) ఎక్కువ సాగదీసి రాశాడు. రెండు సాగతీతలూ సమానంగా వినిపిస్తే, రాసింది ఒకటి వాయించింది ఒకటి అన్నమాట.

రెండు, హార్న్‌లా బసూన్లా? హార్న్ అంటే చుట్టలు తిరిగిన ఇత్తడి బాకా, బసూన్ అంటే లావు గొంతున్న పొడవాటి చెక్క వాద్యం. రికార్డులు పోగేసే కలెక్టర్లకి ఇది ప్రాణం. మొదలైన ముప్పావు నిమిషం దగ్గర, హడావిడి అంతా ఆగి, హార్న్‌లు ఒంటరిగా ఒక పిలుపు ఇస్తాయి. ఆ వెంటనే వయొలిన్లు మెత్తని రెండో పల్లవి ఎత్తుకుంటాయి. తర్వాత ఇదే ఘట్టం వేరే శ్రుతిలో మళ్ళీ వస్తుంది. ఎక్కడంటే, మధ్యలో అందరూ ఆగి ఓబో (సన్నటి గొంతున్న ఊదేవాద్యం) ఒక్కటే విడిగా రాగాలాపనలాంటిది చేస్తుంది చూడండి, అది అయిన అర నిమిషానికి. అక్కడ బీథోవెన్ ఆ పిలుపుని హార్న్‌లకి కాక బసూన్లకి ఇచ్చాడు. ఎందుకంటే ఆ కాలపు హార్న్‌కి మీటలు లేవు, గొట్టం మారిస్తేగాని శ్రుతి మారదు. ఇక్కడ మార్చుకునేంత వ్యవధి లేదు.

మీటల హార్న్‌లు వచ్చాక చాలామంది కండక్టర్లు, "ఆయన దగ్గర ఇవి ఉండి ఉంటే హార్న్‌లకే రాసేవాడు" అని బసూన్ల పని హార్న్‌లకి అప్పగించారు. ఇంకొందరు రాసింది రాసినట్టే వాయిస్తారు. బసూన్ల గొంతు అక్కడ కాస్త బొంగురుగా, కాస్త హాస్యంగా ఉంటుంది. ఘనంగా ఉండదు, నిజమే. నాకు మాత్రం ఆ బొంగురే ఇష్టం. మీ దగ్గరున్న రికార్డులన్నీ తీసి ఆ ఒక్క చోటు విని చూడండి, ఎవరు ఏ పార్టీయో తేలిపోతుంది.

మూడు, ఆ ఓబో. ఓబో వాద్యకారుడికి కండక్టర్ ఎంత స్వేచ్ఛ ఇచ్చాడు? కొన్ని రికార్డింగుల్లో గొంతు పూడుకుపోయినట్టు ఉంటుంది, కొన్నింట్లో బడిలో పద్యం అప్పజెప్పినట్టు ఉంటుంది. వియన్నా ఫిల్హార్మోనిక్ వాళ్ళ ఓబో, హార్న్ రెండూ వేరే తయారీ, ఇంకెక్కడా అంతగా వాడరు. అందుకే ఆ ఓబో సన్నగా, కొంచెం పుల్లగా వినిపిస్తుంది. ఒకసారి పట్టుకున్నారంటే పేరు చూడకుండానే వియన్నా అని చెప్పేస్తారు.

బీథోవెన్ వేగం అంకెల్లో రాసిపెట్టాడటగా? ఇక గొడవేముంది?

రాసిపెట్టాడు, గొడవంతా దాంతోనే. లయ వేగాన్ని టిక్కు టిక్కుమని కొలిచే మెల్జెల్ మెట్రనోమ్ తయారయ్యాక, 1817లో బీథోవెన్ అప్పటిదాకా రాసిన ఎనిమిది సింఫనీలకీ అంకెలు ప్రచురించాడు. ఐదో సింఫనీ మొదటి భాగానికి నిమిషానికి 108 బార్లు.

లెక్క వేద్దాం. మొదటి భాగంలో 502 బార్లు. అందులో మొదటి 124 బార్లు రెండుసార్లు వాయించాలి. మొత్తం 626. దాన్ని 108తో భాగిస్తే 5 నిమిషాల 48 సెకన్లు. సాగతీతలకీ ఓబోకీ ఇంకొంత కలపండి. అయినా ఆరున్నర దగ్గర ముగియాలి. క్లైబర్‌కి 7 నిమిషాల 20 సెకన్లు దాటుతుంది. మరి వేగానికి పేరు పడ్డవాడు ఆయన! ఓటో క్లెంపరర్ అనే కండక్టర్ ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాతో ఈఎంఐ రికార్డు కంపెనీకి చేసిన 1959 స్టీరియోలో దాదాపు 9 నిమిషాలు.

అంకె తప్పుపడిందనీ, ఆయన మెట్రనోమ్ పాడైందనీ, చెవుడు వచ్చినవాడి ఊహలో సంగీతం వేగంగా పరిగెడుతుందనీ రకరకాలుగా చెప్పారు. తర్వాత రోజర్ నారింగ్టన్, గార్డినర్ వంటి కండక్టర్లు ఇంచుమించు ఆ వేగంలోనే వాయించి చూపించారు. కాబట్టి "అసాధ్యం" అన్న మాట చెల్లదు. "నాకు నచ్చలేదు" అనొచ్చు.

ఒక చిన్న చిట్కా. కవర్ వెనక రాసిన నిడివి చూసి కండక్టర్ వేగం అంచనా వేయకండి. రెండుసార్లు వాయించాల్సిన ముక్కని ఒకసారే వాయించి రిపీట్ ఎగ్గొట్టినవాడి నిడివి ఎలాగూ తక్కువే ఉంటుంది. ముఖ్యంగా నాలుగో భాగంలో: 8 నిమిషాల దగ్గర ఉంటే రిపీట్ వదిలేసినట్టు, 11 దగ్గర ఉంటే చేసినట్టు. నేను ఒకసారి ఈ సంగతి మర్చిపోయి, ఒక పెద్దాయనతో గంటసేపు వాదించి, ఇంటికొచ్చి విని, ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను.

అయితే క్లెంపరర్‌ది తప్పు రికార్డింగా?

తప్పేంటండీ. నా అరలో మొదటి వరసలో ఉంటుంది. క్లెంపరర్ మొదటి వయొలిన్లని ఎడమవైపు, రెండో వయొలిన్లని కుడివైపు కూర్చోబెట్టేవాడు. పాత పద్ధతి అది. స్టీరియోలో రెండు జట్లూ ఒకరికొకరు జవాబు చెప్పుకోవడం స్పష్టంగా వినిపిస్తుంది. ఊదేవాద్యాలని కూడా వెనక్కి నెట్టడు. వేగం తక్కువ కాబట్టి ప్రతి గదిలోకీ వెళ్ళి చూసి రావచ్చు. పెళ్ళి ఊరేగింపు కాదు, రథోత్సవం. రథం కదిలే వేగం రథానిది.

ఫుర్ట్‌వెంగ్లర్ అనే పాత కండక్టర్ రికార్డింగుల్లో సగం గరగరే. ఎందుకంత నెత్తిన పెట్టుకుంటారు?

ఆయన ఒక వేగం పట్టుకుని కూర్చోడు. అదే కారణం. టోస్కనీని అనే ఇంకో కండక్టర్ ఎన్‌బీసీ ఆర్కెస్ట్రాతో వాయిస్తే గీత గీసినట్టు పోతుంది. ఫుర్ట్‌వెంగ్లర్ చేతిలో లయ ఊపిరి తీస్తుంది: ముందు బిగుస్తుంది, సడలుతుంది, ఎక్కడో తెలియకుండా పరుగందుకుంటుంది. మూడో భాగం చివర, టింపనీ (పెద్ద ఢంకాలు) ఒక్కటే గుండె కొట్టుకున్నట్టు కొడుతూ ఉంటే, చీకట్లోంచి నాలుగో భాగం బద్దలయ్యే చోటు ఉంది కదా. అక్కడ ఆయన్ని వినండి. గరగర గుర్తుకూడా రాదు.

1947 మే నెలలోది వెతకండి. యుద్ధం తర్వాత నాజీ సంబంధాల మీద జరిగిన విచారణ ముగిసి, ఆయన బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ముందుకి తిరిగి వచ్చింది ఆ నెల 25న, టిటానియా పలాస్ట్‌లో. ఆ వారంలోవి రెండు వేర్వేరు టేపులు దొరుకుతున్నాయి, 25వ తేదీది, 27వ తేదీది. కొనేముందు తేదీ చూసుకోండి. ఆ రెంటిలో ఏది గొప్పదని అడిగితే స్నేహాలు చెడతాయి.

తేదీలతో వచ్చే చిక్కు ఇంకా పెద్దది కూడా అవుతుంది. 1951 జూలై 29న, యుద్ధం తర్వాత జర్మనీలోని బైరాయిట్ సంగీతోత్సవం మళ్ళీ మొదలైన రోజున, ఆయన బీథోవెన్ తొమ్మిదో సింఫనీ చేశాడు. ఆయన పోయాక, 1955లో ఈఎంఐ దాన్ని విడుదల చేసింది. యాభై ఏళ్ళపాటు కలెక్టర్లందరూ అదే ఆ రాత్రి కచేరీ అనుకున్నారు. 2007లో బవేరియన్ రేడియో భద్రపరిచిన టేపుని ఓర్ఫియో సంస్థ విడుదల చేసింది. వింటే ఇది వేరే వాయింపు! ఈఎంఐ డిస్కులో రిహార్సల్ ముక్కలు ఎంత, కచేరీ ముక్కలు ఎంత అని అప్పటినుంచీ స్టాప్‌వాచీలు పట్టుకుని తేలుస్తూనే ఉన్నారు.

కండక్టర్ కరయాన్ చేసిన బీథోవెన్ సెట్లు (తొమ్మిది సింఫనీలూ కలిపినవి) చాలా ఉన్నాయి. ఏది తీసుకోవాలి?

స్టూడియోలో చేసినవి నాలుగున్నాయి. 1950ల్లో ఫిల్హార్మోనియాతో ఒకటి, బెర్లిన్‌తో 1961-62లో ఒకటి, 1970ల్లో ఒకటి, 1980ల్లో డిజిటల్‌గా ఒకటి. 1961-62ది తీసుకోండి. బెర్లిన్ డాలెంలోని యేసుక్రీస్తు చర్చిలో రికార్డు చేశారు, ఆ చర్చి గోడలు కూడా వాయించాయి. 1980లది మెరుపు ఎక్కువ, మాంసం తక్కువ.

మోనో రికార్డింగులు (స్టీరియోలా ఎడమ, కుడి వేరుగా వినిపించనివి) వినడం అవసరమా? శబ్దం తేడాగా ఉంటుంది కదా.

అలవాటు పడాలి, అంతే. స్థూలంగా కాలక్రమం గుర్తుపెట్టుకుంటే ఎక్కడ ఏం ఆశించాలో తెలుస్తుంది. 1925కి ముందువి హార్న్ రికార్డింగులు: వాద్యకారులు ఒక గరాటు ముందు కిక్కిరిసి కూర్చుని వాయించినవి. నికిష్‌ది అలాంటిదే, ఎనిమిది వైపుల నిండా ముక్కలుముక్కలుగా. అది చరిత్ర కోసం వినాలి. 1925 నుంచి మైకులు. యుద్ధం తర్వాత టేపు. 1948లో ఎల్పీ, అప్పటినుంచి నాలుగు నిమిషాలకోసారి రికార్డు తిప్పే బాధ పోయింది. 1958 నుంచి స్టీరియో ఎల్పీలు అంగళ్ళలోకి వచ్చాయి. అంతకు నాలుగేళ్ళ ముందే ఆర్‌సీఏ కంపెనీ వాళ్ళు కండక్టర్ ఫ్రిట్జ్ రైనర్‌ని షికాగోలో స్టీరియోలో పట్టేశారు. 1954 మార్చిలో చేసిన ఆ రిచర్డ్ స్ట్రాస్ రికార్డింగ్ వింటే డెబ్బై ఏళ్ళ కిందటిదంటే నమ్మలేరు.

ఒక్కదానికి మాత్రం దూరంగా ఉండండి. 1960ల్లో పాత మోనో టేపుల్ని ఎలక్ట్రానిక్ మాయ చేసి "స్టీరియో" అని అమ్మారు. బావిలోంచి పాడినట్టు ఉంటుంది. టోస్కనీనివి అలాంటివి బోలెడు తిరుగుతున్నాయి.

పాత వాద్యాలతో వాయించేవాళ్ళది వింటే శ్రుతి తగ్గినట్టు అనిపిస్తుంది. నా ప్లేయర్‌లో లోపమా?

మీది సరిగ్గానే ఉంది. వాళ్ళు 'ఎ' అనే స్వరాన్ని సెకనుకి 430 కంపనాల దగ్గర శ్రుతి చేసుకుంటారు. ఇప్పటి ఆర్కెస్ట్రాలు 440, బెర్లిన్, వియన్నా వాళ్ళు ఇంకాస్త పైన. వెంటవెంటనే వింటే మొదటిది దిగినట్టు, రెండోది మెరిసినట్టు ఉంటుంది. మధ్యలో లేచి టీ తాగి రండి.

ఇంట్లో పోలిక ఎలా పెట్టుకోవాలి?

మేం ముగ్గురం నెలకో ఆదివారం కూర్చుంటాం. ఒకడు డిస్కులు మారుస్తాడు, మిగతా ఇద్దరికీ కవర్లు కనిపించవు. ఒక చిన్న ముక్క, మూడు నిమిషాలు మించకుండా, నాలుగు రికార్డింగుల్లో. కాగితం మీద మార్కులు. మాట్లాడకూడదు, నిట్టూర్చకూడదు, ముఖ్యంగా తల ఊపకూడదు.

మొదటి నెలలు ఈ పద్ధతి ఘోరంగా విఫలమైంది. ప్రతిసారీ ఒకే కంపెనీ డిస్కు గెలిచేది. చివరికి కారణం తెలిసింది: ఆ డిస్కు మిగతావాటికంటే కొంచెం గట్టిగా ముద్రించి ఉంది. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చెవికి "గట్టిది" అనిపించదు, "మంచిది" అనిపిస్తుంది. ఇప్పుడు ముందుగా ఫోన్‌లో డెసిబెల్ మీటరు పెట్టి నాలుగింటినీ సమానం చేసుకుంటాం. దాంతో ఫలితాలు తారుమారయ్యాయి.

మాలో ఒకాయన, మా అందరికీ బాబాయ్, కరయాన్ పేరెత్తితే లేచి వెళ్ళిపోయే రకం. "నునుపు ఎక్కువయ్యా, తేనె పూసిన సంగీతం" అంటాడు. ఒక ఆదివారం ఆయన తొమ్మిది మార్కులు వేసి, "ఇదిరా వాయింపంటే!" అని కాగితం కింద గీత కూడా గీశాడు. కవర్ తిప్పి చూపించాం. 1962 బెర్లిన్. ఒక్క క్షణం మాట్లాడలేదు. "ఆ రోజు ఆయన ఊళ్ళో లేడేమో, అసిస్టెంట్ చేసి ఉంటాడు" అన్నాడు.

అంత అనుభవం ఉన్న చెవులు కూడా మోసపోతాయా?

పెద్దపెద్ద విమర్శకులవే మోసపోయాయి. ఇంగ్లండ్‌లో జాయిస్ హాటో అనే పియానిస్టు ఉండేది. ముసలితనంలో, జబ్బుతో ఉండి కూడా వందకి పైగా సీడీలు చేసిందని పేరొచ్చింది, సమీక్షలు ఆకాశానికెత్తాయి. ఆమె 2006లో చనిపోయింది. 2007 ఫిబ్రవరిలో ఒకాయన ఆమె సీడీని కంప్యూటర్‌లో పెడితే ఐట్యూన్స్ వేరే పియానిస్టు పేరు చూపించింది. తవ్వితే, ఇతరుల రికార్డింగులు ఎత్తి, అక్కడక్కడా వేగం మార్చి అమ్మారని బయటపడింది. ఆమె భర్తే ఒప్పుకున్నాడు. ఆర్కెస్ట్రాతో చేసిన కన్చెర్టోలకి (ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచనలు) రెనే కోలర్ అని ఒక కండక్టర్ పేరు వేశారు. అలాంటి మనిషే లేడు. రహ్మానినోఫ్ కన్చెర్టోల్లో నిజంగా వాయించింది బ్రోన్ఫ్‌మన్, నడిపింది సలోనెన్.

నాకు ఇందులో నవ్వొచ్చే సంగతి వేరే. అసలు వాయించినవాళ్ళ పేరుతో అదే సంగీతం వచ్చినప్పుడు అంత పొగడ్త రాలేదు.

ఇంకో పాత ఉదంతం. దిను లిపాటి అనే పియానిస్టు వాయించిన షోపాన్ కన్చెర్టో అని 1960ల్లో ఈఎంఐ ఒక ఎల్పీ వేసింది. జనం కళ్ళనీళ్ళు పెట్టుకుని విన్నారు. 1981లో అది హలీనా చెర్నీ-స్టెఫాన్‌స్కా అనే పోలిష్ పియానిస్టుదని తేలింది. పట్టుకున్నది సామాన్య శ్రోతే, రేడియోలో విని.

అందుకే కవర్ దాచమంటాను.

మొదటి విడతలో ముద్రించిన రికార్డుకి, అదే మొదటి ప్రెస్సింగ్‌కి అంత డబ్బు పెట్టడం న్యాయమా?

వినడానికైతే చాలాసార్లు అనవసరం. వస్తువు మీద మోజుంటే మీ ఇష్టం. డెక్కా ఎస్ఎక్స్ఎల్ వెడల్పు పట్టీ లేబుల్, ఈఎంఐ ఏఎస్‌డీ తెలుపు-బంగారు లేబుల్, కొలంబియా ఎస్ఏఎక్స్ నీలం-వెండి, ఆర్‌సీఏ నీడ కుక్క, డాయిష్ గ్రామోఫోన్ ట్యూలిప్ పూల అంచు... ఈ మాటలు రాకపోతే కలెక్టర్ల మధ్య కూర్చోలేరు. కోగన్ వాయించిన బీథోవెన్ వయొలిన్ కన్చెర్టో, ఎస్ఏఎక్స్ 2386, మంచి కాపీ దొరికితే స్కూటర్ ధర చెబుతారు. అదే సంగీతం సీడీలో రెండు సినిమా టికెట్ల ఖరీదు.

అయితే ఒక మాట. పాత టేపుని శుభ్రం చేసి రీమాస్టర్ చేశామని చెప్పుకునే ప్రతిదాన్నీ నమ్మకండి. నేనొక పెట్టె తెప్పించుకున్నాను, కంపెనీ పేరు వద్దు. గరగర తీసేస్తామని టేపులోని గాలంతా తీసేశారు. వయొలిన్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టినట్టున్నాయి. దాని పక్కన గీతలుపడ్డ నా పాత ఎల్పీ పెడితే హాలు వినిపించింది, దగ్గు వినిపించింది, ఎవరో కుర్చీ జరిపింది కూడా వినిపించింది.

ఇండియన్ ప్రెస్సింగ్‌లు పనికొస్తాయా?

కలకత్తా డమ్‌డమ్ కర్మాగారంలో ముద్రించిన ఈఎంఐ ఎల్పీలు ముంబై చోర్ బజార్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. కొన్ని చాలా బాగుంటాయి, కొన్ని పల్లీలు వేయిస్తున్నట్టు చిటపటలాడతాయి. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూసి కొనండి. మన కోస్తా తేమకి గాళ్ళలో బూజు పడుతుంది. తెల్లటి చుక్కలు గీతలు కావు, భయపడకండి. కడిగితే పోతాయి, లేబుల్ మాత్రం తడవనివ్వద్దు.

ఈ లోకంలో మనవాళ్ళెవరైనా ఉన్నారా?

జుబిన్ మెహతా. బొంబాయి పార్సీ, 1936లో పుట్టాడు. వాళ్ళ నాన్న మెహ్లీ మెహతా బాంబే సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టినాయన. జుబిన్ లాస్ ఏంజలిస్ ఫిల్హార్మోనిక్‌తో డెక్కాకి చేసిన 1971 నాటి హోల్స్ట్ "ప్లానెట్స్" ఎల్పీని ఆడియో పిచ్చివాళ్ళు స్పీకర్లు పరీక్షించుకోడానికి వాడేవారు. నా ఉద్దేశంలో ఆయన బీథోవెన్ కంటే ఆ రంగుల సంగీతమే బాగా చేస్తాడు.

ఇళయరాజా తన సింఫనీని 2025 మార్చి 8న లండన్‌లో వినిపించారు. పోల్చుకోవాలంటే రెండో కండక్టర్ అదే స్కోరుని పట్టుకోవాలి. అప్పుడు మాట్లాడుకుందాం.

స్ట్రీమింగ్‌లో అన్నీ ఉన్నప్పుడు డిస్కులు ఎందుకు?

పోలికకి స్ట్రీమింగే సుఖం, నేనూ వాడతాను. వెతకడమే తలనొప్పి. "బీథోవెన్ 5" అని కొడితే నిద్రపోవడానికి మెత్తని సంగీతం అని వస్తుంది. కండక్టర్ ఇంటిపేరు, ఆర్కెస్ట్రా ఊరు, ఓపస్ 67 (ఐదో సింఫనీ రచనా సంఖ్య), ఈ మూడూ కలిపి కొట్టండి. విడుదల సంవత్సరాన్ని నమ్మకండి. 1951ది 2019 అని చూపిస్తుంది. రెండు భాగాల మధ్య ఖాళీ పెట్టకుండా వాయించే సెట్టింగ్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మూడో భాగంలోంచి నాలుగో భాగంలోకి దూకే చోట సరిగ్గా ఎక్కిలి వచ్చినట్టు ఆగుతుంది. సింఫనీ మొత్తంలో రాకూడని చోటు అదొక్కటే.

మీ దగ్గర క్లైబర్ ఎల్పీలు మూడున్నాయని విన్నాను. ఒకటి ఇస్తారా?

ఒకటి జర్మన్ ముద్రణ, ఒకటి జపాన్‌ది, ఒకటి ఎవరో పెళ్ళిరోజు కానుకగా ఇచ్చుకున్నది, లోపలి కవర్ మీద చేతిరాత ఉంది. మూడూ వేర్వేరు రికార్డులు. ఇవ్వను.